పీసీలో రికార్డ్ చేస్తుంటే మీ గొంతు మీకే సరిగ్గా వినిపించట్లేదా? ఇన్‌పుట్ మానిటరింగ్ సమస్యలు ఇలా పట్టుకోండి

కరోకే ట్రాక్ పెట్టి కవర్ సాంగ్ పాడదామనో, యూట్యూబ్ వీడియోకి వాయిస్ ఓవర్ ఇద్దామనో మైక్ కొంటాం. పీసీకి తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని రికార్డ్ నొక్కితే గొంతు అసలు వినిపించదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి కనిపించిన నాలుగు టిక్‌లూ పెట్టేస్తాం. ఇప్పుడు వినిపిస్తుంది, కానీ బావిలోంచి వచ్చినట్టు రెండేసి సార్లు! లేదంటే పల్లవి అందుకున్న కాసేపటికి గానీ గొంతు చెవికి చేరదు. చాలామంది ఇక్కడే "మైక్ బాలేదు" అని తేల్చేసి ఇంకో మైక్‌కి డబ్బు పెడతారు. కొత్త మైక్‌తోనూ అదే గోల.

నిజానికి ఎక్కువసార్లు తప్పు మైక్‌ది కాదు. మన గొంతు మైక్ నుంచి చెవికి ఏ దారిలో వస్తోందో తెలియకపోవడమే అసలు సమస్య. ఆ దారి పట్టుకుంటే మిగతావన్నీ వరసగా సాల్వ్ అవుతాయి. ఎలాగో చూద్దాం.

ఇన్‌పుట్ మానిటరింగ్ అంటే ఏంటి?

రికార్డ్ చేసేటప్పుడు మైక్‌లోకి వెళ్తున్న సౌండ్‌ని అప్పటికప్పుడు మనం వినడమే ఇన్‌పుట్ మానిటరింగ్. దీనికి రెండు దారులు ఉన్నాయి.

మొదటిది డైరెక్ట్ మానిటరింగ్. మైక్ సౌండ్ సౌండ్ కార్డ్‌లోకి వెళ్లి, అక్కడి నుంచే నేరుగా హెడ్‌ఫోన్‌కి వచ్చేస్తుంది. విండోస్‌తోనూ, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తోనూ పని లేదు. అందుకే ఆలస్యం దాదాపు ఉండదు.

రెండోది సాఫ్ట్‌వేర్ మానిటరింగ్. మైక్ సౌండ్ డిజిటల్‌గా మారి, డ్రైవర్ ద్వారా సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి, అక్కడ ప్రాసెస్ అయ్యి, మళ్లీ డ్రైవర్ మీదుగా హెడ్‌ఫోన్‌కి వస్తుంది. రివర్బ్ లాంటి ఎఫెక్ట్స్ కలిపి వినాలంటే సాధారణంగా ఈ దారే కావాలి. కానీ ఇంత దూరం తిరిగి రావాలి కాబట్టి ఆలస్యం తప్పదు. దాన్నే లేటెన్సీ అంటారు.

ఈ రెండూ ఆఫ్‌లో ఉంటే ఏమీ వినిపించదు. రెండూ ఆన్‌లో ఉంటే గొంతు రెండుసార్లు వస్తుంది. సాఫ్ట్‌వేర్ దారి ఒక్కటే ఉండి డ్రైవర్ స్లోగా ఉంటే గొంతు లేటుగా వస్తుంది. మానిటరింగ్ కంప్లయింట్స్‌లో చాలావరకు ఈ మూడింట్లో ఏదో ఒకటే.

ఇంకో ముఖ్యమైన విషయం: వినిపించడం వేరు, రికార్డవడం వేరు. హెడ్‌ఫోన్‌లో గొంతు బ్రహ్మాండంగా వినిపిస్తూ కూడా ఫైల్ ఖాళీగా ఉండొచ్చు. ఏమీ వినిపించకపోయినా ఫైల్‌లో గొంతు చక్కగా పడొచ్చు. కాబట్టి రికార్డవుతోందో లేదో చెప్పేది మీ చెవి కాదు, సాఫ్ట్‌వేర్‌లోని ఇన్‌పుట్ మీటర్.

ముందు ఈ మూడు చెక్ చేయండి

1. హెడ్‌ఫోన్ ఎక్కడ పెట్టారు? ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆడియో చిప్ ఒక సౌండ్ కార్డ్. యూఎస్‌బీ మైక్ లోపల ఇంకో సౌండ్ కార్డ్ ఉంటుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ కూడా అంతే. మైక్ యూఎస్‌బీలో ఉండి హెడ్‌ఫోన్ ల్యాప్‌టాప్ జాక్‌లో ఉంటే, గొంతు ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి వెళ్లాలి. అంటే సాఫ్ట్‌వేర్ దారి తప్ప వేరే మార్గం లేదు. మీ మైక్‌కి గానీ ఇంటర్‌ఫేస్‌కి గానీ హెడ్‌ఫోన్ జాక్ ఉంటే హెడ్‌ఫోన్ అక్కడే పెట్టండి. విండోస్‌లో అవుట్‌పుట్ డివైస్‌గా కూడా దాన్నే సెలెక్ట్ చేయండి, లేకపోతే కరోకే ట్రాక్ వినిపించదు.

2. మీటర్ కదులుతోందా? రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేసి మైక్ దగ్గర మాట్లాడండి. మీటర్ కదిలితే ఇన్‌పుట్ ఓకే, సమస్య వినే దారిలో ఉంది. కదలకపోతే మానిటరింగ్ సంగతి తర్వాత, ముందు మైక్ సంగతి చూడాలి.

3. మానిటరింగ్ ఆప్షన్స్ అన్నీ ఒకసారి ఆఫ్ చేయండి. విండోస్‌లోవి, సాఫ్ట్‌వేర్‌లోవి, ఇంటర్‌ఫేస్ మీద స్విచ్ అన్నీ. తర్వాత ఒక్కొక్కటి ఆన్ చేస్తూ వినండి. ఏ స్విచ్ ఏ సౌండ్ తెస్తోందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

సమస్య 1: మీటర్ అసలు కదలట్లేదు

విండోస్ 11లో సెట్టింగ్స్ > ప్రైవసీ అండ్ సెక్యూరిటీ > మైక్రోఫోన్‌లోకి వెళ్లి, డెస్క్‌టాప్ యాప్స్‌కి మైక్ పర్మిషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ డివైస్‌గా మీ మైకే ఉందా చూడండి. వెబ్‌క్యామ్ తగిలించి ఉంటే చాలాసార్లు దాని మైక్ సెలెక్ట్ అయి ఉంటుంది. మైక్ మీద మ్యూట్ బటన్ ఉంటే అది కూడా చూసుకోండి.

3.5 ఎంఎం మైక్ వాడేవాళ్లు ప్లగ్ మీద గీతలు లెక్కపెట్టండి. 3 గీతలుంటే అది స్మార్ట్‌ఫోన్ రకం, మైక్, ఇయర్‌ఫోన్ కలిసి ఒకే జాక్ ఉన్న ల్యాప్‌టాప్‌లకు సరిపోతుంది. 2 గీతలున్న పీసీ మైక్‌ని అలాంటి కాంబో జాక్‌లో నేరుగా పెడితే పనిచేయదు, మధ్యలో స్ప్లిటర్ కావాలి. డెస్క్‌టాప్‌లో అయితే పింక్ జాక్ మైక్‌కి, లేత నీలం లైన్ ఇన్‌కి, ఆకుపచ్చ హెడ్‌ఫోన్‌కి. మైక్‌ని నీలం జాక్‌లో పెడితే సౌండ్ చాలా సన్నగా వస్తుంది, లేదా అసలు రాదు.

ఎక్స్‌ఎల్‌ఆర్ కండెన్సర్ మైక్ వాడుతుంటే ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ ఆన్ చేయాలి. అది లేకపోతే మైక్ పలకదు.

సమస్య 2: మీటర్ కదులుతోంది, కానీ హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు

ఇది నిజానికి లోపం కాదు. చాలా పీసీల్లో మానిటరింగ్ మొదట్నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేయడానికి ఈ వరసలో ట్రై చేయండి.

ఇంటర్‌ఫేస్ ఉంటే దాని మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఆన్ చేయండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, బెహ్రింగర్ యూఎం2 లాంటి ఎంట్రీ లెవెల్ మోడల్స్‌లోనూ ఈ స్విచ్ ఉంటుంది. బ్లూ యెటి లాంటి యూఎస్‌బీ మైక్‌లకైతే హెడ్‌ఫోన్ జాక్ మైక్‌కే ఉంటుంది. అందులో హెడ్‌ఫోన్ పెడితే గొంతు ఆలస్యం లేకుండా వస్తుంది.

మదర్‌బోర్డ్ సౌండ్ కార్డ్ అయితే సెట్టింగ్స్ > సిస్టమ్ > సౌండ్‌లో కిందకి వెళ్లి మోర్ సౌండ్ సెట్టింగ్స్ ఓపెన్ చేయండి. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో స్పీకర్స్ మీద డబుల్ క్లిక్ చేసి లెవెల్స్ ట్యాబ్ చూడండి. చాలా రియల్‌టెక్ డ్రైవర్లలో అక్కడ మైక్రోఫోన్ అనీ, లైన్ ఇన్ అనీ స్లైడర్లు ఉంటాయి. పక్కనే ఉన్న స్పీకర్ ఐకాన్ మ్యూట్‌లో ఉంటే తీసేయండి. ఇది కార్డ్ లోపలే జరిగే డైరెక్ట్ మానిటరింగ్. ఇక్కడి స్లైడర్ మీరు వినే సౌండ్‌ని మాత్రమే మారుస్తుంది. రికార్డయ్యే లెవెల్ మార్చాలంటే రికార్డింగ్ ట్యాబ్‌లో మైక్ ప్రాపర్టీస్‌కి వెళ్లాలి. ఈ రెండు స్లైడర్లనీ కలిపి చూసుకోవడం వల్లే చాలా కన్ఫ్యూజన్ వస్తుంది.

ఆ స్లైడర్లు మీ డ్రైవర్‌లో లేకపోతే, రికార్డింగ్ ట్యాబ్‌లో మైక్ ప్రాపర్టీస్ > లిసన్ ట్యాబ్‌లో "లిసన్ టు దిస్ డివైస్" టిక్ పెట్టొచ్చు. కానీ ఇది సాఫ్ట్‌వేర్ దారి, ఆలస్యం స్పష్టంగా తెలుస్తుంది. మైక్ పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి వాడండి, పాట పాడటానికి వద్దు.

ఆడాసిటీలో అయితే ట్రాన్స్‌పోర్ట్ ఆప్షన్స్‌లో ఇన్‌పుట్ మానిటరింగ్ ఆప్షన్ ఉంటుంది. పాత వెర్షన్లలో దాని పేరు సాఫ్ట్‌వేర్ ప్లేత్రూ. రీపర్‌లో ట్రాక్‌ని రికార్డ్ ఆర్మ్ చేసి, పక్కనే ఉన్న మానిటర్ బటన్ ఆన్ చేయాలి.

సమస్య 3: గొంతు లేటుగా వస్తోంది

సాఫ్ట్‌వేర్ మైక్ సౌండ్‌ని ఒక్కో చుక్కగా తీసుకోదు. కొన్ని శాంపిల్స్ పోగయ్యేదాకా ఆగి, ఒక బిందె నిండాక మోసుకెళ్లినట్టు తీసుకెళ్తుంది. ఆ బిందే బఫర్. బఫర్ సైజ్ పెద్దదైతే ఆలస్యమూ ఎక్కువ. 48,000 హెర్ట్జ్ దగ్గర ఒక్క బఫర్ నిండే టైమ్ ఇలా ఉంటుంది:

128 శాంపిల్స్: 2.7 మిల్లీ సెకన్లు
256 శాంపిల్స్: 5.3 మిల్లీ సెకన్లు
512 శాంపిల్స్: 10.7 మిల్లీ సెకన్లు
1024 శాంపిల్స్: 21.3 మిల్లీ సెకన్లు

వచ్చేటప్పుడు ఒక బఫర్, పోయేటప్పుడు ఒక బఫర్. పైగా కన్వర్టర్, యూఎస్‌బీ తీసుకునే టైమ్ కలపాలి. కాబట్టి అసలు ఆలస్యం పై అంకెకి రెట్టింపు కంటే కాస్త ఎక్కువే. ఇది ఎంతో అర్థం కావాలంటే గాలిలో సౌండ్ వేగంతో పోల్చండి. సౌండ్ సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. అంటే 10 మిల్లీ సెకన్ల ఆలస్యం, 3.4 మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్ నుంచి వింటున్నట్టు. మొత్తం ఆలస్యం 10 లోపు ఉంటే చాలామందికి పాడటంలో ఇబ్బంది ఉండదు. 30, 40కి చేరితే తాళం తప్పడం మొదలవుతుంది. సుమారు 200 దగ్గరైతే పాట సంగతి సరే, మామూలు మాట కూడా తడబడుతుంది.

తగ్గించడానికి అన్నిటికంటే మంచి మార్గం డైరెక్ట్ మానిటరింగ్‌కి మారిపోవడం. అది కుదరకపోతే డ్రైవర్ మార్చండి. విండోస్‌లో ఎంఎంఈ, డైరెక్ట్‌సౌండ్ అనే పాత దారుల్లో ఆలస్యం ఎక్కువ. వాసాపీ కొంచెం మెరుగు. స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన ఏఎస్‌ఐఓ డ్రైవర్ విండోస్ మిక్సర్‌ని పక్కన పెట్టి సౌండ్ కార్డ్‌తో నేరుగా మాట్లాడుతుంది కాబట్టి రికార్డింగ్‌కి అదే బెస్ట్. మీ ఇంటర్‌ఫేస్ కంపెనీ సైట్‌లో దాని సొంత ఏఎస్‌ఐఓ డ్రైవర్ ఉంటే అదే ఇన్‌స్టాల్ చేసుకోండి. అలాంటిది లేని మదర్‌బోర్డ్ కార్డులకు ఏఎస్‌ఐఓ4ఆల్ అనే ఫ్రీ డ్రైవర్ ఉంది. రీపర్‌లో ప్రిఫరెన్సెస్ > ఆడియో > డివైస్‌లో ఏఎస్‌ఐఓ సెలెక్ట్ చేయొచ్చు.

తర్వాత బఫర్ తగ్గించండి. 256తో మొదలుపెట్టి 128కి దిగండి. టప్ టప్ మని క్రాకింగ్ వస్తే మీ పీసీ ఆ స్పీడ్‌ని అందుకోలేకపోతోందని అర్థం, ఒక మెట్టు పైకి రండి. ల్యాప్‌టాప్‌ని చార్జర్‌కి పెట్టి, పవర్ సేవర్ మోడ్ తీసేసి, వెనకాల బ్రౌజర్ ట్యాబ్‌లు మూసేస్తే ఇంకొంచెం కిందకి వెళ్లొచ్చు. రికార్డింగ్ అయిపోయి మిక్సింగ్‌కి వచ్చాక బఫర్‌ని మళ్లీ 1024కి పెంచేసుకోండి, అప్పుడు ఆలస్యంతో పని లేదు.

ఇక బ్లూటూత్ ఇయర్‌బడ్స్. రికార్డింగ్‌లో మానిటరింగ్‌కి వీటిని పక్కన పెట్టేయండి. మామూలు బ్లూటూత్ ఆడియోలో ఆలస్యం 100 మిల్లీ సెకన్లు దాటడం సాధారణం. బఫర్ ఎంత తగ్గించినా అది పోదు. పైగా ఇయర్‌బడ్స్ మైక్ ఆన్ అయితే చాలా పీసీల్లో బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి మారిపోతుంది, మ్యూజిక్ ఒక్కసారిగా ఫోన్ కాల్ క్వాలిటీకి పడిపోతుంది. మామూలు వైర్డ్ ఇయర్‌ఫోన్ ఈ పనికి ఖరీదైన ఇయర్‌బడ్స్ కంటే మేలు.

సమస్య 4: గొంతు రెండుసార్లు, లేదా రోబోలా వస్తోంది

రెండు దారులూ ఒకేసారి ఆన్‌లో ఉన్నాయి. డైరెక్ట్‌గా వచ్చిన గొంతు వెనకే సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోటి వస్తోంది. తేడా ఎక్కువైతే ఎకోలా ఉంటుంది. కొన్ని మిల్లీ సెకన్లే అయితే రెండూ కలిసిపోయి, డబ్బాలోంచి మాట్లాడినట్టు, రోబోలా ఉంటుంది. చాలామంది దీన్ని మైక్ క్వాలిటీ అనుకుంటారు. రికార్డయిన ఫైల్ విడిగా ప్లే చేసి చూడండి. అందులో గొంతు క్లీన్‌గా ఉంటే సమస్య వినే దారిలోనే.

పరిష్కారం సింపుల్: ఒకటే దారి ఉంచండి. డైరెక్ట్ మానిటర్ ఆన్ చేస్తే రీపర్‌లో మానిటర్ బటన్, ఆడాసిటీలో ప్లేత్రూ, విండోస్‌లో లిసన్ టిక్ మూడూ తీసేయండి. సాఫ్ట్‌వేర్ నుంచి కరోకే ట్రాక్ మాత్రమే రావాలి.

"రివర్బ్ లేకుండా పాడటం నా వల్ల కాదు" అనేవాళ్లకి ఒక ట్రిక్. గొంతుని డైరెక్ట్ దారిలోనే వినండి. రీపర్‌లో ట్రాక్ మానిటరింగ్ ఆన్ చేసి, దానిపై రివర్బ్ పెట్టి, డ్రై సిగ్నల్‌ని పూర్తిగా తగ్గించి వెట్ మాత్రమే ఉంచండి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేది రివర్బ్ ఒక్కటే. రివర్బ్ అసలు గొంతు తర్వాతే రావాలి కదా, కాబట్టి ఆ ఆలస్యం చెవికి పట్టదు. ఫైల్‌లో మాత్రం మీ గొంతు డ్రైగానే పడుతుంది, తర్వాత మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు.

సమస్య 5: కుయ్యిమని కూత

స్పీకర్ల నుంచి వచ్చిన గొంతు మైక్‌లోకి వెళ్లి, మళ్లీ స్పీకర్ నుంచి ఇంకా గట్టిగా వచ్చి, అలా తిరుగుతూనే ఉంటుంది. ఫంక్షన్ హాల్లో మైక్ పట్టుకుని స్పీకర్ ముందుకి వెళ్తే వచ్చేది ఇదే. మానిటరింగ్ ఆన్ చేసే ముందు స్పీకర్లు ఆపేసి హెడ్‌ఫోన్ పెట్టుకోండి. మొదట వాల్యూమ్ తక్కువలో ఉంచి మెల్లగా పెంచండి. హెడ్‌ఫోన్‌తో కూత వస్తే చెవుల మీద నేరుగా పడుతుంది.

సమస్య 6: కరోకే ట్రాక్ కూడా గొంతుతో పాటు రికార్డవుతోంది

ఇది అన్నిటికంటే ప్రమాదం. పాట బాగా కుదిరిన టేక్‌లో గొంతూ, మ్యూజిక్ అతుక్కుపోతే తర్వాత శుభ్రంగా విడదీసి మిక్స్ చేయడం కష్టం. అందుకే అసలు టేక్‌కి ముందు ఈ టెస్ట్ తప్పనిసరి.

హెడ్‌ఫోన్‌ని తీసి దిండు కింద పెట్టండి, వైర్ మాత్రం పీకొద్దు. కరోకే ప్లే చేసి, మీరు నోరు మెదపకుండా రికార్డ్ చేయండి. మీటర్ ఇంకా ట్రాక్‌కి తగ్గట్టు ఊగుతుంటే సౌండ్ పీసీ లోపలి నుంచే వస్తోంది. రికార్డింగ్ డివైస్‌గా స్టీరియో మిక్స్ గానీ, లూప్‌బ్యాక్ అని ఉన్న డివైస్ గానీ సెలెక్ట్ అయ్యిందేమో చూడండి. ఇవి పీసీలో ప్లే అయ్యే ప్రతి సౌండ్‌నీ రికార్డ్ చేస్తాయి. దాన్ని మార్చి మీ మైక్ పెట్టండి. కొన్ని ఇంటర్‌ఫేస్‌లకు సొంత లూప్‌బ్యాక్ ఆప్షన్ ఉంటుంది, అది కూడా ఆఫ్ చేయండి.

దిండు కింద పెట్టగానే మీటర్ పడుకుంటే, సౌండ్ హెడ్‌ఫోన్ నుంచి మైక్‌లోకి లీకవుతోంది. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ వాడి, ట్రాక్ వాల్యూమ్ తగ్గించుకుంటే సరిపోతుంది.

సమస్య 7: వినేటప్పుడు ఓకే, ప్లే చేస్తే గొంతు ట్రాక్‌కి వెనకో ముందో ఉంది

ఇది మానిటరింగ్ ఆలస్యం కాదు, దాని చుట్టమే అయిన ఇంకో సమస్య. ట్రాక్ మీ చెవికి చేరి, మీ గొంతు ఫైల్‌లో పడేలోపు పట్టిన టైమ్‌ని సాఫ్ట్‌వేర్ సర్దాలి. ఆడాసిటీలో దీని పేరు లేటెన్సీ కాంపెన్సేషన్. డిఫాల్ట్‌గా మైనస్ 130 మిల్లీ సెకన్లు ఉంటుంది. మీ పీసీకి అది సరిపోకపోవచ్చు.

కొలవడం తేలిక. ఆడియో సెట్టింగ్స్‌లో ఆ అంకెని సున్నా చేయండి. జనరేట్ మెనూలో రిథమ్ ట్రాక్ తయారు చేయండి. ఇన్‌పుట్ మానిటరింగ్ ఆఫ్ చేసి, వైర్డ్ ఇయర్‌ఫోన్‌ని మైక్‌కి ఆనించి, ఆ ట్రాక్ ప్లే అవుతుండగా కొత్త ట్రాక్‌లో రికార్డ్ చేయండి. బాగా జూమ్ చేసి, అసలు క్లిక్‌కీ రికార్డయిన క్లిక్‌కీ మధ్య తేడా చూడండి. 170 మిల్లీ సెకన్లు వెనకుంటే అక్కడ మైనస్ 170 అని పెట్టండి. డ్రైవర్ మార్చినా, బఫర్ మార్చినా ఈ కొలత మళ్లీ తీసుకోవాలి.

ఇంకొన్ని చిన్న చిక్కులు

గొంతు ఒక్క చెవిలోనే వస్తోందా? ఒక్క మైక్‌ని స్టీరియో ట్రాక్‌లో రికార్డ్ చేస్తున్నారు. ఇంటర్‌ఫేస్‌లో మొదటి ఇన్‌పుట్ ఎడమ వైపుకే వెళ్తుంది. రికార్డింగ్ చానెల్‌ని మోనోకి మార్చండి.

వీణ గానీ గిటార్ గానీ వాయిస్తుంటే స్వరం చివర మాయమైపోతోందా? మైక్ ప్రాపర్టీస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి. నాయిస్ సప్రెషన్ మాటలకోసం తయారైంది, సాగే స్వరాన్ని అది ఫ్యాన్ చప్పుడు అనుకుంటుంది.

మైక్ ఆన్ అవగానే ట్రాక్ వాల్యూమ్ పడిపోతోందా? మోర్ సౌండ్ సెట్టింగ్స్‌లో కమ్యూనికేషన్స్ ట్యాబ్‌కి వెళ్లి "డూ నథింగ్" పెట్టండి.

లైనక్స్ వాడేవాళ్లు టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ ఓపెన్ చేస్తే, ప్లేబ్యాక్ పేజీలో ఉన్న మైక్ స్లైడర్ డైరెక్ట్ మానిటరింగ్‌ది. కింద "ఎంఎం" అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు, ఎం కీ నొక్కితే తెరుచుకుంటుంది. రికార్డింగ్ లెవెల్ మాత్రం ఎఫ్4 నొక్కితే వచ్చే క్యాప్చర్ పేజీలో ఉంటుంది. మ్యాక్‌లో గ్యారేజ్‌బ్యాండ్ వాడితే ట్రాక్ దగ్గరే మానిటరింగ్ బటన్ ఉంటుంది.

కొత్తది కొనాలనుకుంటే

పై టెస్టులన్నీ చేశాక కూడా కొనాల్సి వస్తే స్పెసిఫికేషన్స్‌లో రెండే చూడండి. యూఎస్‌బీ మైక్ అయితే దానికే హెడ్‌ఫోన్ జాక్ ఉండాలి. ఇంటర్‌ఫేస్ అయితే డైరెక్ట్ మానిటర్ ఆప్షన్, కంపెనీ సొంత ఏఎస్‌ఐఓ డ్రైవర్ ఉండాలి. 192 కిలోహెర్ట్జ్ లాంటి పెద్ద అంకెలు బాక్స్ మీద బాగుంటాయి గానీ, ఇంట్లో పాడుకునేటప్పుడు మీ గొంతు టైమ్‌కి మీ చెవిలో పడటమే ఎక్కువ ఉపయోగం.

రికార్డ్ నొక్కే ముందు

వైర్డ్ హెడ్‌ఫోన్, మైక్ ఉన్న డివైస్‌లోనే. మానిటరింగ్ దారి ఒక్కటే. మీటర్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డీబీ మధ్య ఆడాలి, ఎరుపు తాకకూడదు. 20 సెకన్లు పాడి, ఆ ట్రాక్‌ని సోలో చేసి వినండి. గొంతు ఒక్కటే, ఒక్కసారే, రెండు చెవుల్లోనూ వినిపిస్తే సెటప్ రెడీ. ఇక సెట్టింగ్స్ ముట్టుకోకుండా పాట మీద దృష్టి పెట్టండి.